మూడొందల కారణాల మేష్టారు

తుర్గునాలి మేష్టారికి ఉన్నది ఒకటే జబ్బు. మనిషి ఎందుకు ముసలివాడవుతాడో ఆయనకు తెలిసిపోతూ ఉంటుంది. ఒక్కసారి తెలిసి ఊరుకుంటే చోంగ్‌తాష్ ఊరు ఎలాగో సర్దుకునేది. ఆయనకు పదిహేను రోజులకోసారి కొత్తగా తెలుస్తుంది. తెలిసినప్పుడల్లా, అంతకుముందు తెలిసింది శుద్ధ తప్పని కూడా తెలుస్తుంది.

ఆ కొండ ఊరి బడిలో ముప్ఫై ఆరేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. రిటైరైన మర్నాటి నుంచే పిల్లలకు బదులు ఊరంతటినీ తరగతిలో కూర్చోబెట్టుకున్నాడు. నారిన్ పట్నం లైబ్రరీ నుంచి బస్తాలకొద్దీ పాత పత్రికలు తెప్పించేవాడు. ఊళ్ళో ఫోనుకు సిగ్నల్ అందేది గొర్రెల కొట్టం కప్పు మీద మాత్రమే కాబట్టి, రోజూ పొద్దున్నే కల్పక్ టోపీ సర్దుకుని ఆ కప్పెక్కి, ముసలితనం గురించి ప్రపంచంలో ఎవరేం కనిపెట్టారో చదివి దిగేవాడు. ఆయన నిచ్చెన దిగడం కనిపిస్తే చాలు, దారిన పోయేవాళ్ళు పక్క సందులోకి తిరిగేవాళ్ళు. దొరికినవాడి మోచెయ్యి పట్టుకుని, "ముసలితనానికి మూడొందల పైచిలుకు కారణాలు చెప్పారోయ్. అందులో నీది ఏదో చూద్దాం, ఇలా కూర్చో," అనేవాడు.

ఈ కారణాల బాధితులంతా చివరికి వచ్చి తేలేది బూరుల్ దగ్గర. బూరుల్ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. కేంద్రమంటే ఒక గది, ఒక తూకం, రక్తపోటు చూసే పట్టీ, ఒక రిజిస్టరు.

"బూరుల్, ఒక్కమాట చెప్పు. నేను ఊపిరి పీల్చుకోవచ్చా, కూడదా?" అని అడిగింది ఒకనాడు పొరుగింటి కాలిపా.

"ఏమైందక్కా?"

"మేష్టారు గాలి మంచిది కాదన్నారు. అందులో ఉన్నదేదో లోపల తుప్పు పట్టిస్తుందట, మేకుకి పట్టినట్టు."

"అది ప్రాణవాయువక్కా. అది లేకపోతే చచ్చిపోతాం."

"ఉంటే ముసలాళ్ళమైపోతాం. రెండింట్లో ఏది నయమో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

బూరుల్ కాసేపు ఆలోచించి, ఎప్పట్లాగే పీల్చుకోమని చెప్పింది. కాలిపాకు ఆ సలహా మరీ చప్పగా అనిపించింది. "పోనీ సగం పీలుస్తాలే," అని లేచి వెళ్ళింది.

ఈ గొడవ ఒక్కటే అయితే బూరుల్ నవ్వుకుని ఊరుకునేది. ఆమెకు వేరే దిగులుంది. ఆ దిగులు పేరు ఆమె పలకలేదు, ఎందుకంటే అక్కడ కోడలు మామగారి పేరు నోట పలకకూడదు. రిజిస్టర్లో కూడా ఆయన్ని 'పెద్దాయన' అనే రాసుకుంది. ఊరందరికీ మాత్రం ఆయన సాతార్ తాత.

చోంగ్‌తాష్‌లో ఏ విందు జరిగినా ఉడికిన గొర్రె ఎముకలు పంచే పని సాతార్ తాతది. ఎవరికి ఏ ఎముకన్నది వయసును బట్టి. తుంటి ఎముకలు రెండు. వచ్చిన చుట్టాల్లో అందరికన్నా పెద్దవాడికొకటి, ఊరివాళ్ళలో పెద్దవాడికొకటి. తర్వాతివాళ్ళకు తొడ, ఆపైన భుజం, పక్కటెముకలు, చిట్టచివర కుర్రకారుకు వెన్నుపూసలు. పెద్దవాడికి చెందాల్సిన ఎముక వాడికన్నా రెండేళ్ళు చిన్నవాడి పళ్ళెంలో పడిందా, ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు. సాతార్ తాత ఎప్పుడూ ఎవరినీ వయసు అడిగి ఎరగడు. ఏళ్ళను పన్నెండు జంతువుల పేర్లతో లెక్కపెట్టే ఆ చుట్టుపక్కల లోయల్లో ఎవడు ఏ జంతువు సంవత్సరంలో పుట్టాడో, ఎవడి కొడుకో, నలభై ఏళ్ళుగా ఆయనకు కంఠతా వచ్చు.

రెండేళ్ళ కిందట పక్క ఊరి పెద్ద ఒకాయన పెళ్ళిలో ఎముక తప్పు చెప్పి నవ్వులపాలయ్యాడు. ఆ వేళ ఇంటికొచ్చి సాతార్ తాత, "నా నోట తప్పు ఎముక వచ్చిన రోజు నుంచి నేనీ గడప దాటను," అన్నాడు. ఆయన మాటంటే మాటే. నలభై అయిదో ఏట పొగాకు మానేస్తానని, నోట్లో ఉన్నది ఉమ్మేసి మరీ మానేసిన మనిషి. అలాంటివాడు ఈ వసంతం నుంచి కొద్దికొద్దిగా తడబడుతున్నాడు. బూరుల్ చూస్తోంది, రాసుకుంటోంది, నారిన్ డాక్టర్ని అడిగి మందులు మారుస్తోంది. ఎముకలు పంచని సాతార్ తాత గదిలో ఒక మూల కూర్చున్నాడంటే ఇక లేవడని ఆమె భయం.

దానికితోడు కాలిపా ఇంకో పుల్ల వేసింది. "ఆ పని మీద మేష్టారి కన్నుంది, చూస్తూ ఉండు. మీ పెద్దాయన కన్నా ఆరేళ్ళు చిన్న. ఎన్నాళ్ళని తొడ ఎముకతో సరిపెట్టుకుంటాడు? ఊరికే వయసు వయసని తిరుగుతున్నాడా?"

బూరుల్ ఆ మాట కొట్టిపారేసింది గానీ, మర్చిపోలేదు.

మే నెలలో మేష్టారికి గుండె చప్పుళ్ళ లెక్క దొరికింది. "ప్రతి ప్రాణికీ గుండె ఇన్నిసార్లే కొట్టుకోవాలని ముందే ఉంది. ఎలుక గుండె టకటకా కొట్టుకుని మూడేళ్ళలో అయిపోతుంది. ఏనుగు గుండె తీరిగ్గా కొట్టుకుంటుంది, అరవై ఏళ్ళు బతుకుతుంది. కాబట్టి అరవై దాటినవాడెవడూ నేల మీంచి ఎగిరి గుర్రమెక్కకూడదు," అన్నాడు. అని ఊరుకోలేదు. తన చేత్తో పదకొండు ఎత్తుపీటలు చేసి, గుర్రాలు కట్టే ప్రతి గుంజ దగ్గరా ఒకటి పాతాడు. ముందు తనే ఎక్కి చూపించాడు. ఆ రోజు ఆయనకు గుర్రం దొరక్క గాడిద దొరికింది. గాడిద మీదకు పీటేసుకుని ఎక్కుతున్న మనిషిని చూసి గాడిదే తల తిప్పి ఆశ్చర్యపోయింది.

బూరుల్ భర్త మెదెర్ అడిగాడు. "మేష్టారూ, పోయిన నెల పరిగెత్తమన్నారు కదా, ఒళ్ళు గట్టిపడుతుందని?"

"పోయిన నెల నేను అజ్ఞానిని."

"మరి ఈ నెల?"

"ఈ నెల కాదు."

బూరుల్ ఊరుకోలేక, "చిలక గుండె కూడా ఎలుక గుండెలాగే కొట్టుకుంటుంది కదండీ. అది యాభై ఏళ్ళు ఎలా బతుకుతోంది?" అంది.

మేష్టారు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "అదే నన్ను నిద్రపోనివ్వడం లేదమ్మాయ్. ఈ సిద్ధాంతానికి చిలక దగ్గర చిన్న చిక్కుంది." అంతలోనే మొహం విప్పారించుకుని, "అయినా మన ఊళ్ళో చిలకలు లేవు కదా," అన్నాడు. చిలకలు లేకపోబట్టి అరవై దాటిన మగవాళ్ళంతా వేసవంతా పీటలేసుకుని గుర్రాలెక్కారు.

జూన్‌లో ఎలుకలు మళ్ళీ వచ్చాయి. సగం తిండి పెట్టిన ఎలుకలు కడుపునిండా తిన్నవాటికన్నా ఎక్కువ కాలం బతికాయట. కాలిపా మనవణ్ణి ఉయ్యాల్లో వేసిన విందులో మేష్టారు పులుసు డేగిసా పక్కనే కాపలా నిలబడ్డాడు. ఏ గిన్నెలోనూ సగానికి మించి పొయ్యనివ్వలేదు. పులిసిన గుర్రపు పాలు కూడా సగమే.

"మా ఇంటికొచ్చి నా చుట్టాలకి సగం గిన్నెలా?" అని కాలిపా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీ చుట్టాలకి పదేళ్ళు ఆయుష్షు పోస్తున్నాను, కాలిపా."

"వాళ్ళు పదేళ్ళు ఎక్కువ బతికితే పదేళ్ళు నన్నే ఆడిపోసుకుంటారు."

మర్నాడు మధ్యాహ్నం మేష్టారు బూరుల్ వంటింటి గుమ్మంలో తేలాడు. ఊళ్ళో ఆయనంత తిండిపుష్టి ఉన్నవాడు లేడు. "అమ్మాయ్, పులుసేమైనా ఉందా?"

"సగమే తినాలన్నారు కదండీ."

"అది గిన్నె గురించి. ఎన్ని గిన్నెలన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు." అని నాలుగు సగాలు తాగి, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు జేబులో వేసుకుని వెళ్ళాడు.

జూలైలో తుప్పు సిద్ధాంతం. గాలి పీల్చేకొద్దీ లోపల తుప్పు, మాట్లాడేకొద్దీ గాలి. కాబట్టి విందు చివర అరచేతులు చాచి పెద్దలిచ్చే దీవెన మూడు ఊపిర్లు దాటకూడదన్నాడు. సాతార్ తాత దీవెన మొదలుపెడితే గొర్రెల మందల నుంచి మునిమనవల దాకా వెళ్ళి, చాయ్ చల్లారాక గానీ ముగియదు. అది వినడానికే లోయల అవతల నుంచి వచ్చేవాళ్ళున్నారు. అలాంటిది, మెదెర్ తమ్ముడి కొత్తింట్లో తాత ఇంకా మందల దగ్గరే ఉండగా, మూడో ఊపిరికల్లా మేష్టారు గొంతెత్తి ముగింపు మాట "ఓమీన్" అనేశాడు. అలవాటు కొద్దీ అందరూ "ఓమీన్" అని మొహాలు తుడుచుకున్నారు. దీవెన అక్కడితో తెగిపోయింది.

కాలిపా బూరుల్‌ని మోచేత్తో పొడిచింది. బూరుల్‌కు ఒళ్ళు మండిపోయింది. బయట మేష్టార్ని ఆపి అడిగేసింది.

"పెద్దాయన మాట మధ్యలో తెంచడానికి మీకు నోరెలా వచ్చింది?"

"తుప్పు, అమ్మాయ్. ఆయన మంచికే."

"మరి మీరు పొద్దున్నుంచి మాట్లాడుతూనే ఉన్నారు."

"నేను ఊరి కోసం తుప్పు పడుతున్నాను," అన్నాడు మేష్టారు చాలా గంభీరంగా.

ఆ తర్వాత రెండు వారాలు బూరుల్ ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

ఆగస్టులో మరో కారణం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. "ఒళ్ళు తనను తాను రోజూ ఎత్తిరాసుకుంటుంది. మా బడిలో ఒకణ్ణి చూసి ఒకడు నోట్సు రాసుకునేవాళ్ళు. మొదటివాడి కప్పకు నాలుగు కాళ్ళు. ఆఖరివాడి పుస్తకానికొచ్చేసరికి దానికి రెక్కలు మొలిచి, కింద 'గుర్రం' అని రాసి ఉంది. ముసలితనమంటే అంతే, తప్పు మీద తప్పు." దీనికి మందేమిటంటే, అసలు ప్రతి చెడిపోకుండా ప్రతివాడూ ఏ గడప తొక్కినా తన పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, వయసు గట్టిగా చెప్పాలి.

నలభై ఏళ్ళు పక్కపక్కన బతికినవాళ్ళు ఒకరికొకరు పరిచయం చేసుకోవడం మొదలుపెట్టారు. కాలిపా రోజుకు పదిసార్లు బూరుల్ ఇంటికి వస్తుంది. పదిసార్లూ గుమ్మంలో ఆగి, "నేను కాలిపా, ఇమాష్ కూతుర్ని, పాము సంవత్సరం, అరవై రెండు. ఉప్పుందా?" అనేది. కిటికీ దగ్గర కూర్చున్న సాతార్ తాత, "రామ్మా కాలిపా, రా," అని పిలిచేవాడు. ఆ నెలలో ఆయన మునుపటికన్నా హుషారుగా ఉన్నాడని బూరుల్‌కు అనిపించింది. ఎందుకో అర్థం కాలేదు. నిజానికి అప్పటికి ఆమెకు ఏదీ అర్థం కావడం లేదు. పరిగెత్తాలా, కూర్చోవాలా, తినాలా, మానాలా, నోరు మూసుకోవాలా, అరవాలా అని జనం అడుగుతుంటే, ఆమె రక్తపోటు చూసి పంపేస్తోంది. వాళ్ళది మామూలుగానే ఉండేది, ఆమెదే పెరిగింది.

సెప్టెంబరులో తలాస్ నుంచి వియ్యాలవాళ్ళు వస్తున్నామని కబురు పంపారు. బూరుల్ కొడుకు పోయినేడు తలాస్ పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్ళిలో మూడు రోజులు సాతార్ తాత వాళ్ళ పెద్దలతో ఒకే పళ్ళెంలో తిన్నాడు. ఇప్పుడు వాళ్ళ పేర్లు, వయసులు మర్చిపోయాడని తెలిస్తే మర్యాద దక్కదు. బూరుల్ చాయ్ ఇస్తూ మెల్లగా అంది. "మావయ్యా, మన కొత్త కోడలినడిగి వచ్చేవాళ్ళ వివరాలు రాసివ్వనా?"

సాతార్ తాత కప్పు కింద పెట్టాడు. "నన్ను పరీక్షకి కూర్చోబెడతావా?" అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

విందు రోజు మధ్యాహ్నానికి గది నిండింది. మేష్టారు గుమ్మం దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళందరికీ తన కప్ప కథ చెప్పి, పేర్లు చెప్పించాడు. తలాస్‌వాళ్ళు సరదా మనుషులు, అదేదో ఆట అనుకుని నవ్వుకుంటూ చెప్పారు. గుండెల దాకా తెల్లగడ్డం ఉన్న ఒకాయన, వంగిన నడుముతోనే చెయ్యెత్తి, "కుల్మత్‌ని, సెయిత్ కొడుకుని, కుందేలు సంవత్సరం, డెబ్భై ఆరు," అన్నాడు. అందరూ భళాభళా అన్నారు.

ఆయన వెనకాల వచ్చిన మనిషి చెప్పలేదు. నల్లటి మీసం, నిటారు నడుము, ఎర్రటి మొహం. "పోయినేడు మూడు రోజులు కలిసి తిన్నాం. ఇప్పుడు పేరు చెప్పుకుని లోపలికి రావాలా? నేను వచ్చింది వియ్యాలవారింటికా, పోలీసు స్టేషనుకా?" అని విసవిసా వెళ్ళి కూర్చున్నాడు. మేష్టారి మొహంలో రంగు మారడం బూరుల్ చూసింది. చాదస్తం సాగనందుకు ఉడుక్కున్నాడనుకుంది.

మాంసం వచ్చింది. గది సద్దుమణిగింది. సాతార్ తాత చుట్టాల తుంటి ఎముక ఉన్న పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు.

"తుంటి ఎముక," అన్నాడు. అని ఆగాడు.

చాయ్ కెటిల్‌తో గుమ్మంలో నిలబడిన బూరుల్ ఆయన కళ్ళకేసి చూసింది. ఆ చూపు ఆమెకు తెలుసు. ఇంట్లో కళ్ళజోడు చేతిలో పట్టుకుని కళ్ళజోడు కోసం వెతికేటప్పటి చూపు అది. తాత తెల్లగడ్డాన్ని చూశాడు, నల్లమీసాన్ని చూశాడు, మళ్ళీ తెల్లగడ్డాన్ని చూశాడు. కుల్మత్ అని ఒక్కమాట అంటే అయిపోతుంది, గదిలో అందరికన్నా ముసలివాడు ఆయనేనని గుడ్డివాడికైనా తెలుస్తోంది. 'అనండి మావయ్యా, అనెయ్యండి' అని బూరుల్ లోపల్లోపల మొత్తుకుంది. ఆయన అనడం లేదు. పళ్ళెం అంచు మీద బొటనవేలు కదులుతోంది. ఎవరో దగ్గారు.

"ఆ ఎముక నాది," అన్నాడు తుర్గునాలి మేష్టారు.

అందరి తలలూ అటు తిరిగాయి. మేష్టారు లేచి నిలబడ్డాడు.

"వయసు క్యాలెండరులో ఉండదు. ఒంట్లో గడియారం ఉంటుంది, ఒక్కొక్కడికి ఒక్కోలా తిరుగుతుంది. నా గడియారం అందరికన్నా ముందుంది. మోకాళ్ళు చూడండి, పళ్ళు చూడండి. శాస్త్రం ప్రకారం ఈ గదిలో నాకన్నా పెద్దవాడు లేడు."

"చెప్పానా?" అంది కాలిపా, బూరుల్ చెవిలో.

తలాస్‌వాళ్ళు తెల్లబోయారు. నల్లమీసం ఆయన మాత్రం భగ్గుమన్నాడు. "నీదే సంవత్సరమయ్యా?"

"గుర్రం. అయితే ఏమిటి?"

"గుర్రమా? గుర్రం సంవత్సరంవాడివి చుట్టాల తుంటి ఎముక అడుగుతున్నావా?"

"మీరు మాత్రం ఏపాటి పెద్దవారు బావగారూ? మీసం చూస్తే యాభై దాటినట్టు లేదు. కుర్రాళ్ళు పెద్దల మాటల్లోకి రాకూడదు."

"కుర్రాణ్ణా?" ఆయన మోకాళ్ళ మీద లేచాడు. "నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు నేను గొర్రెపిల్లల్ని తోలుతున్నాను. నేను జపార్ కొడుకుని, ఇషెన్‌ని. ఆవు సంవత్సరం. డెబ్భై ఎనిమిది నిండాయి. ఈ కుల్మత్‌ని చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పాను, అడుగు."

"తిప్పాడు, తిప్పాడు," అన్నాడు తెల్లగడ్డం కుల్మత్.

"కూర్చోండి ఇద్దరూ," అన్నాడు సాతార్ తాత. గొంతు పాతకాలపు గొంతులా గట్టిగా వచ్చింది. "ఎముక నా చేతిలో ఉండగా మీరెందుకు కొట్టుకుంటారు? తుంటి ఎముక ఇషెన్‌కి. జపార్ కొడుకు, ఆవు సంవత్సరం. తొడ కుల్మత్‌కి. సెయిత్ కొడుకు, కుందేలు. మీసం చూసి మోసపోయేవాళ్ళు పోతారు. సాతార్ పోడు."

గదంతా మెచ్చుకోలుతో హోరెత్తింది. ఇషెన్ కోపం చల్లారి, తాత చేతులు రెండూ పట్టుకున్నాడు. ఒక ముసలమ్మ, "ఇలా ఎముక చెప్పేవాడు తలాస్‌లో లేడు," అంది. పక్కటెముకలు, వెన్నుపూసలు ఎవరివి వారికి వెళ్ళాయి. అందరూ అప్పటికే పేర్లు, వయసులు చెప్పి ఉన్నారు, తాత ఒక్క చోటా తడబడలేదు. ఆఖరికి మేష్టారొక్కడే మిగిలాడు.

"ఇక ఈయన," అన్నాడు తాత. "ఒంటి గడియారం ప్రకారం అందరికన్నా పెద్దాయన. అంత పెద్దాయనకి పళ్ళెక్కడివి? ఎముకెందుకు? పులుసు పొయ్యండి. అదీ సగం గిన్నె."

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. తొడ ఎముకకు అర్హుడైన మేష్టారు సగం గిన్నె పులుసు తాగి, మూతి తుడుచుకుని, చాలా బాగుందన్నాడు.

చుట్టాలు బయల్దేరాక గిన్నెలు తోముతుంటే బూరుల్ చేతులు ఆగిపోయాయి. తడిచేతులతోనే పక్క గదిలోకి వెళ్ళి రిజిస్టరు తీసింది. 'పెద్దాయన' అన్న పేజీ. మే మూడు: గుర్రమెక్కబోయి పడ్డారు, ఎవరూ చూడలేదు, పక్క సందులో మేష్టారొక్కరే ఉన్నారు. ఆ వారంలోనే పీటలు వెలిశాయి. జూన్ తొమ్మిది: చేతులు వణికి పులుసు ఒలికింది, మేష్టారు వచ్చి ఉన్నారు. తర్వాత సగం గిన్నెలు. జూలైలో, దీవెన మధ్యలో మాట మర్చిపోతున్నారని ఆమె రాసుకుంది. ఆగస్టులో, తనను చనిపోయిన ఆడపడుచు పేరుతో పిలిచారని. అదీ మేష్టారి ముందే. ఆ వెంటే గుమ్మాల్లో పేర్లు చెప్పడాలు. ఆ రోజు "ఓమీన్" వినపడకముందు మామగారు ఒక్క క్షణం ఆగిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. బూరుల్‌కు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. ఇన్ని నెలలూ తను రాసింది, మేష్టారు చేశాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి సాతార్ తాత గుమ్మంలో ఉన్నాడు. చేతిలో గుడ్డలో చుట్టిన మూట.

"ఇది మేష్టారింట్లో ఇచ్చిరా. నేను పంపానని చెప్పక్కర్లేదు," అన్నాడు.

బూరుల్ వెళ్ళేసరికి మేష్టారు ఆకలికి తట్టుకోలేక ఎండు రొట్టె చాయ్‌లో ముంచుకుంటున్నాడు. మూట విప్పాడు. ఊరివాళ్ళలో పెద్దవాడికి వచ్చే రెండో తుంటి ఎముక, ఒక్క ముక్క కూడా కొయ్యకుండా అలాగే ఉంది.

"ఇది ఆయనది కదా," అన్నాడు మేష్టారు. "తప్పు ఎముక పంపించాడు."

"పెద్దాయన ఎముక తప్పు చెప్పరు మేష్టారూ," అంది బూరుల్.

మేష్టారు ముక్కు గట్టిగా చీదుకుని, కత్తి వెతకడానికి లోపలికి వెళ్ళి, కత్తి లేకుండానే తిరిగొచ్చాడు.

"ఇంతకీ ఆ మూడొందల్లో ఏది నిజమండీ?"

"ఏమోనమ్మాయ్. నిజంగా ఏమో. మొదలుపెట్టినప్పుడు కొంచెం తెలిసినట్టుండేది. పదేళ్ళు చదివాక అదీ పోయింది. మూడొందల మంది మూడొందల కారణాలు చెప్పారంటే ఎవడికీ తెలీదనే కదా? తెలిస్తే ముందు నా మోకాళ్ళకి చెప్పుకునేవాణ్ణి."

"మరి ఊరందరినీ పీటలెందుకెక్కించారు? పెద్దాయన ఒక్కరికి చెబితే సరిపోయేదిగా?"

"ఒక్కడు పీటెక్కితే ముసలాడంటారు. ఊరంతా ఎక్కితే సైన్సంటారు," అని మేష్టారు ఎముక చేత్తోనే పట్టుకుని కొరకడం మొదలుపెట్టాడు. కళ్ళు మాత్రం ఎత్తలేదు.

అక్టోబరులో తొలి మంచు పడింది. ఒక పొద్దున బూరుల్ పిడకలు తెస్తుంటే, గేటు దగ్గర కాలిపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వీధిలో సాతార్ తాత ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయన ఎడమ కాలికి ఉన్ని బూటు, కుడి కాలికి తోలు బూటు.

"మీ పెద్దాయన్ని చూశావా?" అంది కాలిపా. నవ్వు పెదాల చివరి దాకా వచ్చేసింది.

బూరుల్ పిడకల బుట్ట కింద పెట్టింది. పాతికేళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి, రోగుల దగ్గర తప్ప ఒక్క అబద్ధం ఆడి ఎరగదు.

"నీకింకా తెలీదా అక్కా? మేష్టారి కొత్త సిద్ధాంతం. రెండు కాళ్ళకీ ఒకటే జోడు వేస్తే ఒళ్ళు తొందరగా అరుగుతుందట. నారిన్‌లో కూడా మొదలుపెట్టారు."

కాలిపా నవ్వు ఆగిపోయింది. "అయ్యో, నాకెవరూ చెప్పలేదే," అని ఇంట్లోకి పరుగెత్తింది. బూరుల్ లోపలికి వెళ్ళి మెదెర్ కుడి బూటు లాగేసి, తన పాత రబ్బరు గలోషు తొడిగి వీధిలోకి తోసింది. అతను ఎందుకని అడగలేదు. ఆ ఊళ్ళో జనం ఎందుకని అడగడం మానేసి చాలా కాలమైంది.

మేష్టారు గొర్రెల కొట్టం కప్పు దిగి వచ్చేసరికి వీధిలో ఆరుగురు అటొకటి ఇటొకటి బూట్లతో తిరుగుతున్నారు. ఆయన ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఏమీ తెలియనట్టుంది మొహం.

"అమ్మాయ్, ఇదేమిటి?"

"మీ సిద్ధాంతమే."

"నాదా? ఏది?"

"నాకేం తెలుసు మేష్టారూ? సాయంత్రం చాయ్‌కి అందరూ మా ఇంటికొచ్చి వివరంగా అడుగుతారు. అప్పటికి కనిపెట్టండి."

మేష్టారు వీధి చివర నిలబడ్డ సాతార్ తాతను చూశాడు. పాదాల కేసి చూశాడు. గట్టు మీద కూలబడి తన ఎడమ బూటు విప్పాడు. బూరుల్ తన కాలి గలోషు తీసి ఆయన ముందుకు నెట్టింది. అది ఆయన కాలికి సగమే ఎక్కింది, మడమ బయటే ఉండిపోయింది. ఆయన ఆ మడమ మంచులో ఈడ్చుకుంటూ కుంటుకుంటూ ఇంటికి బయల్దేరి, దారి మధ్యలో ఆగి, "అసలు రెండు కాళ్ళకీ ఒకటే వయసుండాలని ఎవడన్నాడు?" అని తనలో తను అనుకుంటూ వెళ్ళాడు.